పిల్లాడు చదివి ఏమన్నాడు?

పిల్లల పుస్తకం బాగుందో లేదో పిల్లలే చెప్పాలన్నది లండన్ ప్రచురణకర్త స్టాన్లీ అన్విన్ నమ్మకం. అందుకే తన సంస్థ జార్జ్ అలెన్ అండ్ అన్విన్‌కి వచ్చిన పిల్లల రాతప్రతుల్ని కొడుకు రేనర్ చేతిలో పెట్టేవాడు. చదివి నాలుగు ముక్కలు రాసిస్తే ఒక షిల్లింగు. పదేళ్ల పిల్లాడికి ఆ రోజుల్లో అది మంచి చేతిఖర్చే. 1936 అక్టోబరు చివర్లో అలా రేనర్ చేతికొచ్చిన కట్ట ఆక్స్‌ఫర్డ్‌లో పాత ఇంగ్లీషు బోధించే ఓ ప్రొఫెసర్‌ది. ఆయన పేరు టోల్కీన్. కథ పేరు 'ది హాబిట్'.

రేనర్ రాసిచ్చిన రిపోర్టు మొత్తం చిన్న పేరా. బిల్బో అనే హాబిట్ సాహసాల జోలికి పోకుండా తన బొరియలో హాయిగా ఉండేవాడట. గాండాల్ఫ్ అనే మాంత్రికుడూ, మరుగుజ్జులూ నచ్చజెప్పి వెంట తీసుకుపోయారట. అక్కణ్నుంచి గోబ్లిన్లతో కొట్లాట, డ్రాగన్ చావు, భీకర యుద్ధం, ఇంటికి తిరిగి రావడం, అన్నీ ఊపిరి తిప్పుకోకుండా చెప్పేశాడు. ఇల్లు చేరేసరికి బిల్బో బాగా డబ్బున్నవాడయ్యాడన్న సంగతికి మాత్రం ముందొక గీత గీసి, వెనక ఆశ్చర్యార్థకం తగిలించాడు. వాడికి కథలో అది ముఖ్యం మరి. అక్షరదోషాలు వరసగా ఉన్నాయి. చివర్లో రెండు తీర్పులు: మ్యాపులున్నాయి కాబట్టి బొమ్మలు అక్కర్లేదు, అయిదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకి నచ్చుతుంది. తీర్పరి వయసు పదేళ్లు. అంటే తను ఆ ఈడు దాటేసిన పెద్దమనిషన్నమాట!

1937 సెప్టెంబరు 21న పుస్తకం వచ్చింది. మొదటి ముద్రణ 1,500 కాపీలు డిసెంబరుకల్లా చెల్లిపోయాయి. బొమ్మల విషయంలో మాత్రం కుర్రాడి మాట సాగలేదు. టోల్కీన్ స్వయంగా గీసిన బొమ్మలతోనే అచ్చయింది. తర్వాత రేనర్ పెరిగి పెద్దవాడై తండ్రి సంస్థలోనే చేరాడు. టోల్కీన్ ఏళ్ల తరబడి రాసిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' వేయాలా వద్దా అన్న మీమాంస వచ్చినప్పుడు తండ్రి జపాన్‌లో ఉన్నాడు. వెయ్యి పౌండ్ల దాకా నష్టం రావచ్చు, అయినా ఇది మహత్తరమైన రచన అని కొడుకు ఉత్తరం రాశాడు. అంత నమ్మకం ఉంటే వెయ్యి పౌండ్లు పోగొట్టుకో అని తండ్రి జవాబిచ్చాడు. అడ్వాన్సు కాకుండా లాభాల్లో సగం ఇచ్చే ఒప్పందం మీద 1954, 55ల్లో మూడు భాగాలుగా ఆ నవల బయటికొచ్చింది. నష్టం సంగతి ప్రపంచానికి తెలిసిందే.

రేనర్ రిపోర్టుని మన హైస్కూల్లో ఇస్తే ఎన్ని మార్కులు పడతాయి?

నిర్మాణాత్మక మూల్యాంకనం, అంటే పిల్లల నోట్లో ఎఫ్‌ఏ, దగ్గరపడిందంటే తెలుగు రాష్ట్రాల బడుల్లో పుస్తక సమీక్షల హడావుడి మొదలవుతుంది. పాఠ్యపుస్తకం కాని కథల పుస్తకం ఏదో ఒకటి చదివి తమకేమనిపించిందో రాయాలి. ఆలోచన చాలా మంచిది. ఇంతకన్నా మంచి హోంవర్కు ఇంకోటి ఉండదు కూడా. కానీ ఆచరణలో అది పుస్తకం పేరు, రచయిత పేరు, పాత్రలు, సారాంశం, నీతి అనే గళ్లలోకి దిగిపోతుంది. ఒకరు రాస్తే బెంచీ అంతా దించుకుంటుంది. ఆ ఒక్కరూ యూట్యూబులో చూసి ఎక్కించుకుని ఉంటారు. 'ఈ పుస్తకం నాకు చాలా నచ్చింది, మీరూ చదవండి' అన్న ఆఖరి వాక్యం ఎవరి సమీక్షలోనైనా ఒకటే. బిల్బోకి డబ్బొచ్చిందని ఆశ్చర్యార్థకం పెట్టిన పిల్లాడికి పక్కన ఎర్రసిరాతో 'నీతి ఏది?' అని పడే అవకాశమే ఎక్కువ.

నిజంగా చదివిన పిల్లలు నీతి దగ్గర ఆగరు. వాళ్లకి సందేహాలొస్తాయి, వాదనలొస్తాయి. రాక్షసుడి గుహకి ఎన్ని దారులున్నాయో లెక్కలు కావాలి. మంత్రతంత్రాలతో కల్పించిన లోకాల్లో ఇది మరీ ఎక్కువ. ఎందుకంటే ఆ లోకాల గురించి పెద్దలకి ముందే తెలిసిందేమీ ఉండదు. అక్కడ టీచరూ, విద్యార్థీ ఒకే మెట్టు మీద నిలబడతారు. కొన్నిసార్లు విద్యార్థే ఓ మెట్టు పైన.

1957లో పదకొండేళ్ల అమెరికన్ కుర్రాడొకడికి ఇంట్లో వాళ్లమ్మతో పేచీ వచ్చింది. సి.ఎస్. లూయిస్ రాసిన 'నార్నియా' పుస్తకాలు ఏడు. అవి అచ్చయిన వరసలోనే చదవాలని అమ్మ, నార్నియా కాలం ప్రకారం చదవాలని కొడుకు. ప్రపంచం ఎలా పుట్టిందో చెప్పే 'ది మెజీషియన్స్ నెఫ్యూ' అచ్చులో ఆరోది, కాలంలో మొదటిది. తగువు తేలక విషయం నేరుగా రచయిత దగ్గరికే వెళ్లింది. లూయిస్ తీరిగ్గా జవాబు రాశాడు. మొదటి పుస్తకం రాసినప్పుడు ఇంకోటి రాస్తానని తనకే తెలియదని, ముందుగా వేసుకున్న పథకమేదీ లేదని ఒప్పుకుని, అమ్మ కన్నా కుర్రాడి వైపే కాస్త మొగ్గు చూపాడు. ఏ వరసలో చదివినా పెద్ద తేడా రాదేమో అని కూడా అన్నాడు. తర్వాత 1994లో హార్పర్‌కాలిన్స్ సంస్థ ఏడు పుస్తకాలకీ కొత్త అంకెలు వేసింది, కుర్రాడు చెప్పిన కాలక్రమంలోనే. అందుకు లూయిస్ ఉత్తరాన్నే ఆధారంగా చూపారు. ఈ రోజు దుకాణంలో నార్నియా సెట్టు కొనే ఎవరికైనా ఒకటో నంబరుగా దొరికేది 'ది మెజీషియన్స్ నెఫ్యూ'నే. ఆ వరస వద్దని వాదించే అభిమానులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల వాదనలో బలముంది కూడా: దీపస్తంభం మంచు అడవిలో ఎందుకుందో ముందే చెప్పేస్తే, అచ్చులో మొదటిదైన పుస్తకంలో బీరువా తలుపు తీసి నార్నియాలోకి అడుగుపెట్టినప్పటి వింత సగం పోతుంది. కానీ అసలు ఇలా వాదించుకోవడమే చదవడం.

పిల్లల ఉత్తరాలకి జవాబివ్వడం లూయిస్‌కి నిత్యకృత్యం. 1963 నవంబరు 22న ఆయన చనిపోయాడు. ముందు రోజు కూడా ఓ పిల్లాడికి ఉత్తరం రాశాడు.

మార్కులు వేసే మాస్టారే మార్కుల కోసం ఎదురుచూసిన సందర్భం కూడా ఒకటుంది. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం శాన్ ఆంటోనియోలో రిక్ రయోర్డన్ మాధ్యమిక తరగతులకు ఇంగ్లీషు, చరిత్ర చెప్పేవాడు. కొడుకు రెండో తరగతిలో ఉండగా వాడికి ఏడీహెచ్‌డీ, డిస్లెక్సియా ఉన్నాయని తేలింది. కుదురుగా కూర్చోలేడు, అక్షరాలు కుదిరి నిలవవు. బళ్లో వాడికి నచ్చిందల్లా గ్రీకు పురాణ కథలే. రోజూ రాత్రి నాన్న ఆ కథలు చెప్పేవాడు. ఒకనాటికి కథలైపోయాయి. కొత్తవి కల్పించి చెప్పమని కొడుకు పట్టుబట్టాడు. అలా మూడు రాత్రులు సాగిన కథే పెర్సీ జాక్సన్. సముద్రదేవుడు పొసైడన్‌కి మనిషి తల్లి కడుపున పుట్టిన పన్నెండేళ్ల పిల్లాడు పెర్సీ. వాడికీ ఏడీహెచ్‌డీ, డిస్లెక్సియా. బడి నుంచి బడికి తరిమేస్తుంటారు. అయితే ఆ కథలో ఇంగ్లీషు అక్షరాలు వాడి కళ్ల ముందు చెదిరిపోవడానికి కారణం వాడి బుర్ర ప్రాచీన గ్రీకు కోసం తయారైంది కావడం. కుదురు లేకపోవడం యుద్ధంలో ప్రాణం నిలిపే చురుకుదనం. రిపోర్టు కార్డులో ఎర్రగీతలు పడ్డ రెండు లక్షణాల్ని రచయిత దేవుడి బిడ్డకి గుర్తులుగా చేసేశాడు.

కథ రాయమని అడిగిందీ కొడుకే. రాతప్రతి పూర్తయ్యాక రయోర్డన్ దాన్ని తన బళ్లో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు కొందరికి ఇచ్చాడు. తను దిద్దే వ్యాసాల కోసం పిల్లలెలా బిక్కుబిక్కుమంటూ ఎదురుచూస్తారో అప్పుడు తెలిసొచ్చిందని తర్వాత చెప్పుకున్నాడు. పిల్లలు 'బాగుంది సార్' అని ఊరుకోలేదు. పేరు ఏం పెట్టాలన్న చర్చలో కూర్చున్నారు. పెర్సీ దగ్గర ఒక పెన్ను ఉంటుంది. మూత తీస్తే కత్తవుతుంది, ఎక్కడ పారేసుకున్నా తిరిగొచ్చి జేబులో చేరుతుంది. ఆ కత్తి ఎలా పనిచెయ్యాలన్న వివరాలు తేల్చడంలో ఆ విద్యార్థుల చేయి ఉంది. జాగ్రత్తగా చూస్తే అది బడిపిల్లలు కనిపెట్టే ఆయుధంలాగే ఉంటుంది. పెన్నులు పారేసుకునేవాళ్లకే కదా ఆ కష్టం తెలిసేది. 'ది లైట్నింగ్ థీఫ్' 2005లో వెలువడింది.

చదివి ఊరుకోలేక తానే రాసినవాడి కథ వేరు. మోంటానా రాష్ట్రంలోని పారడైజ్ వ్యాలీలో ఇంటి దగ్గరే చదువుకున్న క్రిస్టఫర్ పవొలీని పదిహేనేళ్లకే హైస్కూలు చదువు ముగించేశాడు. బ్రూస్ కోవిల్ రాసిన ఓ పుస్తకంలో కుర్రాడికి డ్రాగన్ గుడ్డు దొరుకుతుంది. ఆ గుడ్డు పవొలీనిని వదిలిపెట్టలేదు. అసలది ఎక్కడిది, ఎవరిది అని ఆలోచిస్తూ 'ఎరగాన్' రాయడం మొదలుపెట్టాడు. తల్లిదండ్రులే దాన్ని అచ్చేశారు. అట్ట మీది డ్రాగన్ బొమ్మ పిల్లాడే గీశాడు. మధ్యయుగపు వేషం కట్టుకుని బడులూ, లైబ్రరీలూ తిరుగుతూ అమ్ముకున్నాడు. 2002 వేసవిలో ఫ్లోరిడా రచయిత కార్ల్ హయాసెన్ కుటుంబం మోంటానా వచ్చినప్పుడు ఆయన భార్య కొడుకు ఆ పుస్తకం కొని చదివి, బాగుందని ఇంట్లో చెప్పాడు. హయాసెన్ తన ప్రచురణకర్త నాఫ్‌కి చెప్పాడు. 2003లో నాఫ్ వేసింది. అప్పటికి రచయితకు ఇంకా ఇరవై నిండలేదు.

'ఎరగాన్'లో టోల్కీన్ నీడలున్నాయని, 'స్టార్ వార్స్' అతుకులు కనిపిస్తాయని విమర్శకులు అన్నారు. నిజమే, కనిపిస్తాయి. పదిహేనేళ్ల కుర్రాడు తాను ప్రేమించిన పుస్తకాల్ని విప్పి, మళ్లీ బిగించి చూసుకుంటే ఆ నవల వచ్చింది. సమీక్ష రాయమంటే అయిదొందల పేజీలు రాసిన విద్యార్థి అతను.

ప్రచురణ సంస్థ బ్లూమ్స్‌బరీ అధిపతి కూతురు ఎనిమిదేళ్ల ఆలిస్ 'హ్యారీ పాటర్' మొదటి అధ్యాయం చదివి మిగతాది ఏదని తండ్రి ప్రాణం తీసిన సంగతి చాలామందికి తెలుసు. 1997 జూన్‌లో మొదటి ముద్రణలో వేసిన గట్టి అట్ట కాపీలు 500 మాత్రమే. అంతగా ప్రచారం కాని పాటర్ పాఠకురాలు ఇంకొకామె ఉంది. అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రం సీడర్‌విల్ అనే చిన్న ఊళ్లో నాలుగో తరగతి పిల్ల. ఆ పుస్తకాలు పెద్దల మాట వినొద్దని నేర్పుతున్నాయని, చేతబడిని అంటగడుతున్నాయని 2002లో అక్కడి స్కూలు బోర్డు భావించింది. పరిశీలించిన కమిటీ పదిహేను మందీ ఏకగ్రీవంగా పుస్తకాలు ఉంచాలన్నా వినకుండా, మూడుకి రెండు ఓట్లతో వాటిని షెల్ఫుల్లోంచి తీయించింది. కావాలంటే అమ్మానాన్నల సంతకంతో రావాలి. ఆ పాపకి సంతకం పెట్టే అమ్మానాన్నలు ఉన్నారు. అయినా కోర్టుకెక్కారు. అందరి ముందూ చీటీ పట్టుకెళ్లి అడిగి తెచ్చుకోవడంలో, తానేదో చెడ్డ పుస్తకం చదువుతున్నట్టు ముద్ర పడుతుందన్నది వాళ్ల వాదన. 2003 ఏప్రిల్ 22న ఫెడరల్ జడ్జి ఆ మాటతో ఏకీభవించి పుస్తకాల్ని తిరిగి షెల్ఫులో పెట్టమన్నాడు.

ఇవన్నీ చిన్న ఇళ్లలో, చిన్న బళ్లలో జరిగినవి. థాయ్‌లాండ్‌లో చదువరుల స్పందన వీధికెక్కింది.

సుజాన్ కాలిన్స్ 'ది హంగర్ గేమ్స్' 2008 నాటి నవల. టీవీ చానళ్లు మారుస్తుంటే ఒకదాంట్లో రియాలిటీ షో, ఇంకోదాంట్లో ఇరాక్ యుద్ధం కనిపించి, రెండూ కలగలిసిపోయిన క్షణంలో తట్టిన కథ అని ఆమె చెప్పింది. ఏడేడుగురు యువకుల్నీ, యువతుల్నీ మినోటార్‌కి బలిపంపే గ్రీకు కథ దానికి మూలం. రాజధాని పాలకులు పన్నెండు జిల్లాల నుంచీ పిల్లల్ని ఎత్తుకొచ్చి, ఒకర్నొకరు చంపుకోమని వదిలి, టీవీలో చూస్తారు. కథానాయిక కాట్నిస్ చెల్లెలి బదులు తాను వెళ్తానని ముందుకొచ్చినప్పుడు, ఊరిజనం చప్పట్లు కొట్టరు. ఎడమచేతి మూడు వేళ్లు పెదాలకి తాకించి ఆమె వైపు చాస్తారు. నవలలో దానికి అర్థం కృతజ్ఞత, మెచ్చుకోలు, ప్రియమైనవాళ్లకి వీడ్కోలు. చావు ఇళ్లలో ఎప్పుడైనా కనిపించే పాతకాలపు సైగ. రెండో పుస్తకంలో వేరే జిల్లా జనం అదే సైగ చేస్తారు; మొదలుపెట్టిన ముసలాయన్ని సైనికులు అక్కడే కాల్చేస్తారు. ఆ పేజీ నుంచి ఆ మూడు వేళ్లకి వీడ్కోలు అన్న అర్థం మిగల్లేదు.

2014 మే 22న థాయ్ సైన్యం అధికారం లాక్కుంది. సభలు, నినాదాలు నిషేధం. కొద్దిరోజుల్లోనే బ్యాంకాక్ వీధుల్లో మూడు వేళ్లు లేచాయి. సైగ కూడా నేరమేనని సైనిక ప్రభుత్వం హెచ్చరించాల్సొచ్చింది. నవంబరులో ఖోన్ కేన్‌లో ప్రధాని ప్రయుత్ చాన్ ఓచా ప్రసంగిస్తుండగా అయిదుగురు విశ్వవిద్యాలయ విద్యార్థులు ఎదురుగా నిలబడి మూడు వేళ్లు చూపారు. పోలీసులు పట్టుకుపోయారు. మర్నాడే ఆ నవలల సినిమాలో మూడో భాగం విడుదల. బ్యాంకాక్‌లో ఓ థియేటర్ల సంస్థ ప్రదర్శనలే రద్దుచేసుకుంది. ఇంకోచోట పోస్టరు ముందు వేళ్లెత్తిన విద్యార్థినిని తీసుకెళ్లారు. నవల్లో రాజ్యం ఎలా ప్రవర్తించిందో బయట రాజ్యమూ అలాగే ప్రవర్తించి, పిల్లలు చదివింది సరిగ్గానే అర్థం చేసుకున్నారని తానే సంతకం పెట్టినట్టయింది.

ఇక్కడ ఓ పేచీ పెట్టొచ్చు. వాళ్లలో ఎందరు నవల చదివారు, ఎందరు సినిమా మాత్రమే చూశారు? సైగకి అంత బలం వచ్చింది తెర మీదే కదా? కావచ్చు. కానీ 2020 ఆగస్టు 3న బ్యాంకాక్ ప్రజాస్వామ్య స్మారకం దగ్గర విద్యార్థి సంఘాలు పెట్టిన హ్యారీ పాటర్ సభకి పుస్తకంలోని ఒక సంగతి గట్టిగా పట్టుబడి ఉండాలి. థాయ్ శిక్షాస్మృతి 112వ సెక్షన్ ప్రకారం రాజుని కించపరిస్తే ఒక్కో నేరానికి పదిహేనేళ్ల దాకా జైలు. అలాంటి చోట, పేరెత్తడానికే జనం జంకే వోల్డెమార్ట్ కథని విద్యార్థులు ఎంచుకున్నారు. నల్ల గౌన్లు, చారల టైలు, మంత్రదండాలతో వచ్చారు. అదే వేషంలో వేదికెక్కిన న్యాయవాది ఆనొన్ నంపా రాచరిక సంస్కరణ గురించి అందరి ముందూ మాట్లాడాడు. తర్వాత ఆ 112వ సెక్షన్ కేసుల్లోనే జైలుపాలయ్యాడు. పేరు పలకడానికి భయపడితే ఆ భయం ఇంకా పెరుగుతుందని పాటర్ కథలో ఒక పాత్ర చెప్పే మాటని ఆ సభ మొత్తం ఆచరించి చూపింది. ఏ గైడులోనూ దొరకని సమీక్ష అది.

అదే నెలలో బడిపిల్లలు కూడా కలిశారు. ఉదయం ఎనిమిదింటికి జెండా ఎగరేసి జాతీయగీతం పాడేటప్పుడు వరసల్లో నిలబడి మూడు వేళ్లెత్తారు. తెల్ల రిబ్బన్లు కట్టుకున్నారు. వాళ్ల కోపంలో సైన్యంతో పాటు జుట్టు ఇంతే ఉండాలన్న స్కూలు నిబంధన కూడా ఉంది. మరుసటి ఏడాది మయన్మార్‌లో సైనిక కుట్ర జరిగినప్పుడు డాక్టర్లు, నర్సులు అదే సైగ చేశారు. ఫిబ్రవరి 26న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో ఆ దేశ రాయబారి చో మో తున్ ప్రసంగం చివర మూడు వేళ్లెత్తాడు.

మన దగ్గరికొస్తే, మాయాజాలపు కథలకి తెలుగు పిల్లలు మొహం వాచింది ఎప్పుడూ లేదు. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన 'చందమామ'లో 1954 నుంచి 'తోకచుక్క', 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'రాకాసిలోయ' అంటూ సీరియల్స్ వరసకట్టాయి. వాటికి చిత్రకారుడు చిత్రా బొమ్మలు. మాంత్రికుల గడ్డాలూ, నరవాహనాలూ, కొండగుహలూ చూస్తూ తర్వాతి నెల సంచిక కోసం ఇంట్లో వాటాలు వేసుకున్న తరాలున్నాయి. హేతువాది కొడవటిగంటి కుటుంబరావు సంపాదకత్వంలో ఇన్ని మంత్రాలు పండటం ఓ తమాషా. సీరియల్స్ మీద రచయిత పేరుండేది కాదు. రాసింది దాసరి సుబ్రహ్మణ్యం అని చాలామంది పిల్లలకి పెద్దయ్యాకే తెలిసింది. 2010లో ఆయన పోయేనాటికి ఆ పాఠకులు తాతలయ్యారు. ఏ మాంత్రికుడు ఏ సీరియల్లోవాడో వాళ్లు ఇప్పటికీ తడుముకోకుండా చెబుతారు, కావాలంటే పరీక్షించి చూడండి. వాళ్లు ఆ వయసులో ఏమనుకున్నారో మాత్రం ఎక్కడా రాసిలేదు. పత్రికలో వాళ్లకి దొరికిన చోటు ఫొటో వ్యాఖ్యల పోటీ. న్యాపతి రాఘవరావు దంపతుల 'బాల' ఇంకొంచెం చోటిచ్చింది. ముళ్లపూడి వెంకటరమణ తొలి కథ 1945లో, ఆయన ఇంకా బడిపిల్లాడిగా ఉండగా, అందులోనే వచ్చింది.

ఇప్పటి పిల్లల ఫాంటసీ ఎక్కువగా ఇంగ్లీషులో సాగుతోంది. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో పాటర్లూ, పెర్సీలూ అట్టలు నలిగి కనిపిస్తారు. అవి చదివే పిల్లాడే తెలుగు ఎఫ్‌ఏకి మాత్రం తెనాలి రామకృష్ణుడి మీద దించిన సమీక్ష పట్టుకెళ్తాడు. తప్పు వాడిది కాదు. తెలుగులో టీనేజీ పిల్లల కోసం కొత్తగా రాస్తున్న ఫాంటసీ నవలలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా వాడి కంటపడటం లేదు.

పదో తరగతిలో చాలా ఏళ్లుగా తెలుగు ఉపవాచకం రామాయణం. పిల్లలు దాన్ని పాత్రల స్వభావాలుగా విడగొట్టి చదువుతారు, పరీక్షకి అదే అడుగుతారు కాబట్టి. సంహిత అర్ని చదివిన తీరు వేరు. ఆ అమ్మాయి ఎనిమిదేళ్ల వయసులో మహాభారతాన్ని తన మాటల్లో రాస్తూ, బొమ్మలు గీస్తూ కూర్చుంది. ఎవరు తప్పు చేశారో, ఎవరికి అన్యాయం జరిగిందో తనకి తోచినట్టు తేల్చుకుంది. చెన్నైలోని తారా బుక్స్ 1996లో ఆ పుస్తకాన్ని ఆ పిల్ల గీసిన బొమ్మలతోనే ప్రచురించింది. పెద్దయ్యాక బెంగాల్ పటచిత్రకారిణి మోయ్నా చిత్రకార్ బొమ్మలతో రామకథని సీత వైపు నుంచి చెప్పింది. 2011లో వచ్చిన ఆ పుస్తకం న్యూయార్క్ టైమ్స్ గ్రాఫిక్ పుస్తకాల బెస్ట్‌సెల్లర్ జాబితాకెక్కింది. తర్వాత 2013లో నవల రాసింది. అందులో యుద్ధం గెలిచి రాముడు ఏలుతున్న అయోధ్యలో ఓ జర్నలిస్టు తిరుగుతుంటుంది. ఆమె అందర్నీ అడిగే ప్రశ్న ఒకటే: సీత ఏమైంది?